కూలి లేని ఎండ

బయోడేటా ఫారాల్లో 'హాబీలు' అని ఒక గడి ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో మా పల్లె పిల్లలకి ఆ గడి నింపడం పెద్ద చిక్కు. కులం గడి నింపగలం. తండ్రి వృత్తి కూలి, తల్లి వృత్తి కూలి. వార్షికాదాయం ఎంతో ఎమ్మార్వో సంతకంతో సహా చూపించగలం. హాబీ దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయేది. పక్కవాడి ఫారంలోకి తొంగిచూసి 'స్టాంపుల సేకరణ' అని రాసేవాళ్లం. ఇంటికి ఒక్క ఉత్తరం ముక్క రాని పిల్లలు స్టాంపులు ఎక్కణ్ణుంచి సేకరిస్తారని ఏ సారూ అడగలేదు.

ఇప్పుడు ఆ గడిలో నేను 'ఫోటోగ్రఫీ' అని రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. జీతం బకాయిలు చేతికొచ్చిన ఏడు సెకండ్ హ్యాండ్‌లో ఒక నికాన్ కెమెరా, రెండు లెన్సులు కొన్నాను. ఆదివారాలు, రెండో శనివారాలు, సంక్రాంతి సెలవులు దానికే పోతున్నాయి. తెల్లారుజామున బండేసుకుని సూర్యలంక సముద్రానికో, ఉప్పలపాడు చెరువుకో, భట్టిప్రోలు దిబ్బకో పోతాను. దసరా సెలవులకి కొల్లేరు పోతాను. ఒక్కోసారి రోజంతా తిరిగి ఒక్క మంచి ఫోటో లేకుండా తిరిగొస్తాను. అయినా వచ్చే వారం మళ్లీ పోతాను.

ఇందులో రాయాల్సినంత సంగతి ఏముంది అనుకోవచ్చు. ఊళ్లో పుట్టినవాడికైతే ఏమీ లేదు. మా అమ్మకి మాత్రం ఉంది. ఒకరోజు మధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ ఇంటికొస్తే అడిగింది.

"దీనికి రోజుకెంతిత్తారయ్యా?"

"ఎవరూ ఏమీ ఇవ్వరమ్మా. నేనే ఖర్చు పెట్టుకుంటా."

"మరి ఎండలో ఎందుకు తిరుగుతున్నా?"

"సరదా."

కాసేపు ఆలోచించి అంది. "కూలి లేకుండా ఎండలో తిరగటాన్ని మీ తాత కాలంలో వెట్టి అనేవాళ్లు."

ఆ మాట నన్ను చాలా కాలం వదల్లేదు. మా తాత ఊరికి డప్పు కొట్టాడు. చచ్చిన గొడ్డుని మోశాడు. కొలుపులప్పుడు పగలూ రాత్రీ ఊరంతా తిరిగాడు. దానికి కూలి లేదు. కళ్లంలో నాలుగు గింజలు విదిలిస్తే విదిలించినట్టు. నేనూ కూలి లేకుండానే ఎండలో తిరుగుతున్నాను. పైపైన చూస్తే రెండూ ఒకటే. ఒళ్లు అలుస్తుంది, డబ్బు రాదు. మరి తేడా ఎక్కడుంది?

తేడా 'మానేస్తా' అనే మాటలో ఉంది. మా తాత ఒక్కరోజు డప్పు కొట్టనంటే ఊరు ఊరుకునేది కాదు. నేను ఈ ఆదివారం కెమెరా తియ్యకపోతే అడిగేవాడు లేడు. కులం అంటే ఒట్టి పని విభజనే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. అందులో మనిషి ఇష్టానికి చోటు లేదన్నాడు. మనం ఆ మాటని ఉద్యోగాల గురించే చదువుకుంటాం. నేను దాన్ని సరదాకి కూడా కలిపి చదువుతాను. ఇష్టమైన పని ఎంచుకునే వీల్లేనివాడికి ఇష్టమైన ఆట ఎంచుకునే వీలు మాత్రం ఎట్లా ఉంటుంది?

1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఆయన ఇంకో మాట అన్నాడు. తీరిక లేకుండా మనిషికి సంస్కృతి లేదని, యంత్రం మనిషిని పశువు బతుకు నుంచి తప్పించి ఆ తీరిక ఇవ్వగలదని వాదించాడు. రాట్నం ముందు కూర్చోమన్నవాళ్లకి అది జవాబు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా గొడ్డులా పనిచేసేవాడికి ఆలోచించే వేళ ఎక్కడిది? ఆ వేళ మనకి కావాలని అడిగినవాడు అంబేద్కర్. మనం భూమి అడిగాం, నీళ్లు అడిగాం, కొలువులు అడిగాం. అడగాల్సినవే. తీరికని మాత్రం హక్కుల లెక్కలో రాయడం మర్చిపోయాం.

కెమెరా కూడా ఒక యంత్రమే. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా అమ్మకానికి పెట్టాడు. ధర 25 డాలర్లు. అందులో 100 ఫోటోలకి సరిపడా ఫిలిం ఉండేది. ఫోటోలు అయిపోయాక కెమెరాని ఫ్యాక్టరీకి పంపితే వాళ్లే కడిగి, ప్రింట్లు వేసి పంపేవాళ్లు. 1900లో బ్రౌనీ అనే కెమెరా ఒక్క డాలరుకే వచ్చింది. స్టూడియో లేనివాడు, రసాయనాలు తెలియనివాడు సరదాగా ఫోటో తియ్యడం అక్కడ మొదలైంది. ఆ సరదా మా పల్లెకి రావడానికి మరో నూరేళ్లు పైనే పట్టింది.

ఈ నూరేళ్లలో మా ఇళ్లల్లో ఫోటోలే లేవని కాదు. ఆఫీసు అడిగినప్పుడు తీయించుకున్నాం. హాస్టల్ అప్లికేషన్‌కి, స్కాలర్‌షిప్‌కి, రేషన్ కార్డుకి, పింఛనుకి. మా నాయనమ్మ బతికినంత కాలం ఆమెకి మంచి ఫోటో ఒకటి లేదు. ఆమె పోయాక ఆదరణ కూడికలో పెట్టడానికి ఫోటో కావాల్సొచ్చింది. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు దొరికింది. దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. అందులో ఆమె నవ్వలేదు. కదలొద్దు, నవ్వొద్దు అని మిషన్ కుర్రాడు చెప్పాడట. ఎప్పుడూ పొగాకు నములుతూ ఎవరో ఒకర్ని ఎకసెక్కాలాడే మనిషి మా గోడ మీద నేరం చేసినదానిలా చూస్తుంటుంది.

మా సంగతి ఇట్లా ఉంటే, మమ్మల్ని ఫోటోలు తీసినవాళ్ల సంగతి వేరు. 1868 నుంచి 1875 దాకా తెల్లదొరలు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చేశారు. దేశంలో జనాన్ని జాతులుగా, కులాలుగా పేర్చి ఫోటోలు అతికించారు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. కొలబద్దలు పెట్టి ముక్కుల పొడుగు, వెడల్పు కొలిచినవాడు ఆయనే. అట్లాంటి ఫోటోల కింద కులం పేరు ఉంటుంది. మనిషి పేరు ఉండదు. దొర కెమెరాకి అక్కడ నిలబడింది ఒక మనిషి కాదు, ఒక రకం.

స్వాతంత్ర్యం వచ్చాక మావాళ్ల ఫోటోలు పేపర్లలో పడ్డాయి. ఎప్పుడు పడ్డాయి? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికాక. మాకు పేపర్లో చోటు కావాలంటే ముందు చావాలి. కారంచేడు ఊచకోతకి ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తి పెత్తందార్లకి ఎదురు నిలబడింది. ఈ రాష్ట్రంలో దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన క్షణం అది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ క్షణం ఫోటో లేదు. ఎట్లా ఉంటుంది? అప్పుడు ఆ చెరువు గట్టున సరదాగా కెమెరా పట్టుకు తిరిగే మాదిగ కుర్రాడు ఎవడున్నాడు?

ఇక ఇప్పటి సరదా ఫోటోగ్రాఫర్ల సంగతి. నేను ఒక బృందంతో కలిసి కొన్నాళ్లు తిరిగాను. అందులో డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారస్తులు ఉన్నారు. మంచివాళ్లే. లెన్సుల గురించి నాకు ఓపిగ్గా చెప్పినవాళ్లే. ఒక ఆగస్టు ఆదివారం డెల్టాలో నాట్లు పడుతుంటే అందరం గట్టు మీద వరసగా నిలబడ్డాం. నీళ్లలో ఆకాశం నీడ, పచ్చటి నారు, రంగు చీరలు. నిజంగానే కంటికి బాగుంది. మాలో ఒకాయన కేకేశాడు.

"అమ్మా, నువ్వే! ఇంకొంచెం వంగు."

ఆమె తలెత్తి చూసింది. చేతిలో నారుకట్ట అట్లాగే ఉంది.

"వంగీ వంగీ నడుం పడిపోయింది బాబూ. ఈసారికి మీరే వంగి తీసుకోండి."

నాట్లేసేవాళ్లంతా పకపకా నవ్వారు. మా వరసలో కొందరు నవ్వారు, కొందరు కెమెరాల్లోకి చూసుకున్నారు. నేను ప్యాంటు మడిచి మడిలోకి దిగాను. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ వెనక నారు అందించినవాణ్ణే కాబట్టి బురద నాకు కొత్త కాదు. ఆమె పేరు అడిగి, ఫోటో తియ్యనా అని అడిగి తీశాను. "నాక్కూడా ఒకటిత్తావా?" అంది. తర్వాతి వారం ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. అది చూసి ఆమె అడిగిన మొదటి మాట, "ఈ చీర మాసింది. మంచి చీర కట్టుకున్నప్పుడు తియ్యవా?"

ఫోటో పోటీల్లో ఆ మాసిన చీరకే బహుమతి వస్తుంది. కింద 'పల్లె సౌందర్యం' అనో 'శ్రమైక జీవనం' అనో పేరు పెడతారు. థర్‌స్టన్ కులం పేరు రాశాడు, వీళ్లు కవిత్వం రాస్తున్నారు. మనిషి పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆమె ఎలా కనబడాలనుకుంటుందో అడిగినవాడు లేడు.

ఫోటో వల్ల మంచి జరిగితే పేరు లేకపోయినా ఫర్వాలేదు గదా అని మా స్టాఫ్‌రూంలో ఒకాయన వాదించాడు. దానికి నేను అమెరికా సంగతి చెప్పాను. 1936లో డొరొతియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల గుడారంలో ఒక తల్లిని ఫోటో తీసింది. ఒళ్లో పసిపిల్ల, చెరోవైపు మొహం తిప్పుకున్న ఇద్దరు పిల్లలు, చెంపకి చెయ్యి ఆనించుకుని దూరంగా చూస్తున్న ఆ తల్లి. లోకమంతా చూసిన ఫోటో అది. పేపర్లో పడ్డాక ప్రభుత్వం ఆ గుడారాలకి తిండి పంపింది. అప్పటికి ఆ తల్లి కుటుంబం అక్కణ్ణుంచి వెళ్లిపోయింది. లాంగ్ ఆమె పేరు కూడా అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ పేరు 1978లో గానీ బయటికి రాలేదు. అంటే 42 ఏళ్లు ఆమె మొహం లోకానిది, పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేనిది. మంచి జరిగింది నిజమే. ఆమెకి జరగలేదు. ఒక మనిషి మొహాన్ని పదిమంది మేలు కోసం వాడుకోవచ్చా అని అడిగితే, ఆ మనిషిని అడిగి వాడుకోమంటాను. అడగడానికి పట్టేది అర నిమిషం.

కెమెరా పట్టుకున్నవాడి మొహం సంగతి కూడా చెప్పాలి. భుజాన కెమెరా ఉంటే ఊళ్లోకి పోవడం తేలిక. పేపరాయన అనుకుంటారు. ఒక ఊళ్లో పాత మండువా లోగిలి ఫోటోలు తీస్తుంటే ఇంటాయన అరుగు మీద కుర్చీ వేయించాడు. టీ తెమ్మన్నాడు. కబుర్లలో ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. ఏ ఊరు, ఏ బజారు అని అడిగాడు. అదీ చెప్పాను. టీ రాలేదు. "లోపల పనుంది" అని లేచి వెళ్లాడు. కాసేపటికి పనివాడు వచ్చి కుర్చీ లోపలికి తీసుకుపోయాడు. కెమెరాకి వేసిన కుర్చీని ఇంటిపేరుకి తీసేశారు. దేశం తిరిగి ఫోటోలు తియ్యండి, మనసు విశాలమవుతుంది అని ఫోటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. తిరగడం అందరికీ ఒకటే అన్నట్టు చెబుతాయి. మాలాంటివాడు తెలియని ఊళ్లో ఏ అరుగు మీద కూర్చోవాలో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇటు ఊరి సంగతి ఇట్లా ఉంటే అటు మావాళ్ల దగ్గర ఇంకో పంచాయితీ. యూనివర్సిటీలో విద్యార్థి సంఘంలో ఉన్న తమ్ముడొకడు నన్ను నిలదీశాడు. "మనోళ్లని కొడుతుంటే నువ్వు కొంగల ఫోటోలు తీసుకుంటున్నావేంది అన్నా?"

అతని కోపంలో సగం న్యాయముంది. కెమెరాకి ఉద్యమంలో పని ఉంది. మా మండలంలో ఒక పల్లె శ్మశానం దారికి కంచె వేస్తే ఫోటోలు తీసి అర్జీకి జత చేశాం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలబడాలంటే దెబ్బ ఆరకముందే ఫోటో ఉండాలని ప్రతి కార్యకర్తకీ తెలుసు. ముంబైలో సుధారక్ ఓల్వే పారిశుధ్య కార్మికుల బతుకుని ఏళ్లతరబడి ఫోటోలు తీశాడు. తమిళనాడులో పళని కుమార్ అదే పని చేస్తున్నాడు. 2017లో వచ్చిన 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా పట్టింది అతనే. చేపలమ్మే తన తల్లిని కూడా ఫోటోలు తీశాడు. కార్మికుల పిల్లలకి కెమెరా నేర్పుతున్నాడు. వాళ్ల ముందు నేనెంత?

అయితే తమ్ముడి కోపంలో మిగతా సగాన్ని నేను ఒప్పుకోను. దళితుడు దళితుడి గాయాన్నే ఫోటో తియ్యాలి, పూలనీ పిట్టల్నీ వేరేవాళ్లు చూసుకుంటారు అంటే అది ఇంకో రకం వెట్టి. చూపులో కూడా పని పంచి ఇచ్చినట్టు. అందం వాళ్ల వాటాకి, బాధ మన వాటాకి. ఈ పంపకం ఎవరు చేశారు? మనమెందుకు సంతకం పెట్టాలి?

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేలల్లో వాలతాయి. చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటున్నారు. నేను ఆ గట్టున పొద్దున్నే కూర్చుని, ఒక గూడబాతు తన పిల్ల నోట్లో చేప పెట్టేదాకా మూడు గంటలు చూసిన రోజులున్నాయి. మా నాయనమ్మ కాలంలో మా ఊరి చెరువు దగ్గర మావాళ్లు గట్టు కింద నిలబడేవాళ్లు. పైనుంచి ఎవరో ఒకరు దయతలిచి నీళ్లు పోసేదాకా కుండ పట్టుకుని చూసేవాళ్లు. ఆమె కూడా గంటలు గంటలు ఎదురు చూసింది. అది దాహంతో చూడటం. ఆమె మనవడు చెరువు గట్టెక్కి, ఏ పనీ లేకుండా, ఎవరి దయా లేకుండా మూడు గంటలు కూర్చున్నాడు. తమ్ముడూ, దీన్ని ఉద్యమం నుంచి పారిపోవడం అంటావా? ఉద్యమం గెలిచిన జాగాలో కాసేపు కూర్చోవడం అంటాను నేను.

కాకపోతే ఆ గట్టు మీద కూర్చున్నవాడు గట్టు కిందకి ఎట్లా చూస్తాడన్నది అసలు ప్రశ్న. తీరిక దొరకగానే తీరికలేనివాళ్లు బొమ్మల్లా కనబడటం మొదలైతే మనమూ దొరలమే. ఆ పరీక్ష నాకూ రోజూ ఉంటుంది. నెలనెలా జీతం వచ్చేవాడి కెమెరాకి కూలికి పోయేవాళ్లు దొరకడం చాలా తేలిక. అందుకే అడిగి తీస్తాను, పేరు రాసుకుంటాను, ప్రింటు ఇంటికి పంపుతాను. వద్దంటే లెన్సుకి మూత పెడతాను. కెమెరా పట్టినవాడే వంగాలి అన్న ఆ నాట్ల తల్లి మాటకి మించిన సూత్రం నాకు ఏ ఫోటోగ్రఫీ పుస్తకంలోనూ దొరకలేదు.

వెలుగులో కూడా నీతి ఉంది. కొడాక్ వాళ్లు 1950ల నుంచి లాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి తెల్ల స్త్రీ బొమ్మ ఉన్న కార్డులు పంపేవాళ్లు. ఆమె ఒంటిరంగు బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు లెక్క. అన్ని రంగుల మనుషులున్న కార్డు రావడానికి 1990లు రావాల్సొచ్చింది. ఇప్పటికీ, వెనక తెల్లటి ఆకాశమో సున్నం గోడో ఉంటే కెమెరా ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని ముందున్న నల్లటి మొహాన్ని ఇంకా చీకటి చేస్తుంది. ఒక స్టాపు వెలుగు పెంచితే మొహం తేటగా వస్తుంది, ఆకాశం వెలిసిపోతుంది. రెండింట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. నేను ఆకాశాన్ని వదులుకుంటాను. మా టెన్త్ పిల్లల ఫోటోలు స్టూడియోలో తీయిస్తే కంప్యూటర్లో తెల్లగా చేసి ఇస్తున్నారు. చీకటి చేసినా, సున్నం కొట్టినా ఆ పిల్ల మొహం ఆ పిల్లకి దక్కలేదు. నలుపుని నలుపుగా, వెలుగుతున్న నలుపుగా చూపించడం చాతకావాలి.

కిందటి వేసవి సెలవుల ముందు మా బళ్లో తొమ్మిదో తరగతి పిల్లలకి కెమెరా ఇచ్చాను. మీకిష్టమైంది ఒక్క ఫోటో తెమ్మన్నాను. వంతులవారీగా తలా ఒక పూట. మగపిల్లలు ఎక్కువమంది బైకులు తీసుకొచ్చారు. ఒకడు వాళ్ల కుక్కని తీశాడు. వెనక బెంచీలో కూర్చునే మాదిగపల్లె పిల్ల ఒకతె వాళ్లమ్మ ఫోటో తెచ్చింది. మిట్టమధ్యాహ్నం, వేపచెట్టు కింద నులక మంచం మీద ఆ తల్లి వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఒక చెయ్యి మంచం కిందకి వేలాడుతోంది.

"మీ అమ్మని అడిగావా?" అన్నాను.

"పొద్దున్నే అడిగా సార్. 'పడుకున్నప్పుడు తీసుకో, అప్పుడైతే నన్ను పనేం చెప్పవు గదా' అంది."

ఫోటోలో అంచు వంకరగా ఉంది. మంచం కోడు ఒకటి తెగిపోయింది. నేను సరిచేయమనలేదు. మావాళ్లు పనిచేస్తున్న ఫోటోలు కొన్ని వందలు చూశాను. ఏడుస్తున్నవి చూశాను. చచ్చిపోయినవి చూశాను. హాయిగా నిద్రపోతున్న మా తల్లి ఫోటో చూడటం నాకు అదే మొదలు. దాని కింద ఏం రాయమంటారు సార్ అని ఆ పిల్ల అడిగితే, మీ అమ్మ పేరు రాయి అన్నాను. రాసింది.